సరుకు వెంట మనిషి

గుంటూరు మిర్చి వ్యాపారంలో ఏళ్ళ తరబడి పనిచేసి, ముక్కును ముక్కులాగే ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు తక్కువ. ఆ తక్కువమందిలో నేను లేను. మా సంస్థ నాకు పెన్షను ఇవ్వలేదు కానీ తుమ్ములు ఇచ్చింది. ఇప్పటికీ పక్కింట్లో పోపు వేస్తే వాళ్ళకంటే ముందు నేను తుమ్ముతాను. ఆ ఇల్లాలు గోడ మీంచి "ఎక్కువైందాండీ మిరపకాయ?" అని అడుగుతుంది.

ఆ ఇంట్లోనే ఉద్యోగం చేసుకునే అమ్మాయి ఒకతె ఉంది. మొన్న ఆమె ల్యాప్‌టాప్ పాడైతే ఫోనులో ఏదో నొక్కింది. ఎవరో వచ్చారు. ల్యాప్‌టాప్ డబ్బా వాళ్ళ చేతిలో పెట్టి తలుపు వేసేసుకుంది. వచ్చినవాడి మొహమైనా సరిగ్గా చూడలేదు. "అంత నమ్మకమేంటమ్మా?" అంటే, "ట్రాకింగ్ ఉంటుంది కదా ఆంటీ" అంది. నాకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. మా ఆఫీసులో మొట్టమొదటి ల్యాప్‌టాప్ ఇలాగే రిపేరుకు బెంగుళూరు వెళ్ళినప్పుడు జరిగిన గొడవ గుర్తొచ్చింది. మీలో చాలామంది అప్పటికి బడికి కూడా వెళ్ళి ఉండరు కాబట్టి చెబుతాను, వినండి.

మాది మిర్చి ఎగుమతి సంస్థ. మిర్చి యార్డుకు దగ్గర్లో కింద గోడౌను, పైన ఆఫీసు. నేను ప్రత్తిపాడు నుంచి బస్సులో వచ్చిపోయేదాన్ని. టైపిస్టుగా చేరి, ఈ కథ జరిగే నాటికి ఆఫీసు మేనేజరు అనే పేరు తెచ్చుకున్నాను. పేరు మారింది కానీ పని మారలేదు. మగవాళ్ళందరూ కలిసి చేసిన తప్పులకు ఫోనులో సంజాయిషీ చెప్పడమే ఆ పని.

మా యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. మెత్తటి మనిషి. ఆయన కొడుకు చిన్నబాబు. హైదరాబాదులో మేనేజ్‌మెంటు చదువు చదివి వచ్చి, మా అందరినీ మేనేజ్ చేయడం అప్పుడే మొదలుపెట్టాడు. మంచివాడే, పొగరు కూడా లేదు. కాకపోతే ప్రతిదానికీ "ఇదెందుకు?" అని అడిగేవాడు. ఇరవై ఏళ్ళుగా ఒకే తీరున నడిచే ఆఫీసులో ఆ ప్రశ్నకు జవాబు ఉన్న వస్తువులు చాలా తక్కువ.

అలా జవాబు లేకుండా పోయినవాళ్ళలో మా గుమాస్తా గారు ఒకరు.

గుమాస్తా అని పేరే కానీ ఆయన రాసేది లేదు, లెక్క చూసేది లేదు. ఆయన సరుకు వెంట వెళ్ళే మనిషి. మిర్చి వ్యాపారంలో ఇదొక పాత పద్ధతి. దూర ప్రాంతానికి లోడు బయలుదేరితే మన మనిషి ఒకడు లారీలో కూర్చుని వెళతాడు. బస్తాలు తడవకుండా, మారకుండా చూసుకుంటాడు. అవతల దింపేటప్పుడు కాటా దగ్గర నిలబడి తూకం చూసి, సరుకు అప్పజెప్పి తిరిగి వస్తాడు. కాన్పూరు, ఢిల్లీ, కలకత్తా, ఆయన తిరగని ఊరు లేదు. ఏ ఊరి భాషా రాదు. ఏ ఊళ్ళోనూ ఇబ్బంది పడలేదు.

ఆయనది సింగరాయకొండ వైపు. ఆదివారం చర్చి మానని మనిషి. లారీ కదిలేముందు పెద్దాయన ముందు టైరు దగ్గర కొబ్బరికాయ కొట్టేవారు. గుమాస్తా గారు వెనక టైరు దగ్గర నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు. లోడు క్షేమంగా చేరేది. ఏ దేవుడి వల్ల చేరిందో మా ఆఫీసులో ఎవరూ ఆరా తీయలేదు.

చిన్నబాబు ఆరా తీసింది ఇంకొకటి. "డ్రైవరు దగ్గరే సెల్లుంది. ట్రాన్స్‌పోర్టు వాళ్ళకు ఇన్సూరెన్సుంది. వెంట మనిషెందుకు నాన్నా? ఈ సీజను అయ్యాక ఆయన్ని ఇంటికి పంపేద్దాం. మర్యాదగానే, ఊరికే కాదు. ఏదో ఒకటి చేతిలో పెట్టి."

"ఆలోచిద్దాం" అన్నారు పెద్దాయన. ఆయన ఆలోచిద్దాం అన్నారంటే ఓడిపోయారని మాకందరికీ తెలుసు.

ఈ మాటలు గుమాస్తా గారి చెవిన పడ్డాయి. ఆ మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డారు. "ఇంటికాడ కూకోబెడితే నేను బతకనమ్మాయ్. నాలుగు రోజులు మా ఊళ్ళో ఉంటేనే నాకు కాళ్ళు వాస్తయ్యి" అన్నారు. ఆయన నవ్వుతూ అన్నా నాకు నవ్వు రాలేదు. ఆఫీసులో నేనొక్కదాన్నే ఆడదాన్ని. చేరిన కొత్తలో నాతో మనిషిలా మాట్లాడింది ఆయనొక్కరే. ఆయన లేని ఆఫీసును నేను ఊహించుకోలేకపోయాను.

అదే నెలలో చిన్నబాబు ల్యాప్‌టాప్ చచ్చింది. సీజనులో యార్డు చుట్టుపక్కల గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. మనుషులమైతే తుమ్మి బయటికి పంపుతాం. పాపం దానికి తుమ్మడం రాదు. లోపల ఫ్యాను పొద్దస్తమానం ఆ గాలినే పీల్చి పీల్చి, ఒకరోజు గరగరమని ఆగిపోయింది. తెర నల్లబడింది. మా ఊళ్ళో ఆ కంపెనీకి రిపేరు షాపు లేదు. ఉన్నది ఒక టోల్ ఫ్రీ నంబరు. దానికి ఫోను చేస్తే కొరియరు మనిషి వచ్చి తీసుకెళతాడు, బెంగుళూరులో బాగుచేసి మళ్ళీ కొరియరులోనే పంపుతారు. అంతా వాళ్ళే చూసుకుంటారు.

చిన్నబాబు ఇదంతా గర్వంగా వివరించాడు. గుమాస్తా గారు గుమ్మం దగ్గర నిలబడి విన్నారు.

"అంత ఖరీదు సరుకు, ఊరూ పేరూ తెలీనోడి చేతిలో పెట్టి పంపుతారా?" అన్నారు.

"రసీదు ఇస్తారండీ."

"వెంట ఎవరు పోతారు?"

"ఎవరూ పోరు. అదే కదా సర్వీసంటే."

గుమాస్తా గారు పెద్దాయన వైపు తిరిగారు. "అయ్యగారూ, నేను పోతా."

చిన్నబాబు పకపకా నవ్వాడు. "కొరియరు వెంట మనిషి వెళ్ళడం ఎక్కడైనా ఉందా నాన్నా?"

పెద్దాయన నావైపు చూశారు. "అమ్మాయ్, ఆ నంబరుకి ఫోను చెయ్యి. మా మనిషి వెంట వస్తాడు, రావచ్చునా అని అడుగు."

చేశాను. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది. నేను చెప్పింది అర్థం కావడానికి ఆమెకు కొంత సమయం పట్టింది. తర్వాత మర్యాదగా, అలాంటి అవసరమేమీ లేదు మేడమ్ అంది. నేను అదే పెద్దాయనకు చెప్పాను.

"అవసరం లేదందా, వద్దందా?" అడిగారు పెద్దాయన.

"అవసరం లేదంది."

"వద్దనలేదుగా. అయితే నువ్వు వెళ్ళయ్యా" అన్నారు గుమాస్తా గారితో. ఆయన జన్మలో కొడుకు ముందు నెగ్గిన వాదన నాకు తెలిసి అదొక్కటే.

ఇక చూడండి ఆ ల్యాప్‌టాప్‌కు జరిగిన మర్యాద. డబ్బాలో పెట్టి, ముందు కింద గోడౌనులో కాటా వేశారు. మూడున్నర కిలోల పైచిల్లర తూగింది. తర్వాత గుమాస్తా గారు డబ్బా చుట్టూ కొత్త గోనెగుడ్డ వేసి, దబ్బనంతో చుట్టూరా కుట్టేశారు. పైన ఎర్రసిరాతో మా మిర్చి బస్తాల మీద వేసే మార్కా వేశారు. కొరియరు మనిషి వచ్చి దాన్ని చూసి, "ఇందులో ఏముందండీ?" అని భయంగా అడిగాడు. గుమాస్తా గారు చేతిసంచి భుజాన తగిలించుకుని అతని వెంట ఆటో ఎక్కారు. పెద్దాయన కొబ్బరికాయ కొడదామని లేచారు కానీ కొడుకు మొహం చూసి మళ్ళీ కూర్చున్నారు.

కొరియరు ఆఫీసు దాకా ఆయన సరుకును కంటికి రెప్పలా కాపాడారు. అక్కడ దాన్ని పెద్ద సంచిలో వేసి వ్యాన్ ఎక్కించారు. మనిషిని మాత్రం ఎక్కించుకోలేదు. ఆయన మా ఆఫీసుకు ఫోను చేసి అడ్రసు మళ్ళీ ఒకసారి చెప్పించుకుని, బెంగుళూరు రైలెక్కారు.

అక్కణ్ణుంచి రోజూ ఫోను. ఆ రిపేరు కేంద్రం ఊరి చివర ఫ్యాక్టరీల మధ్య ఉందట. లోపలికి ఎవర్నీ రానివ్వరట. గేటుకు ఎదురుగా టీ కొట్టు, ఆ కొట్టులో రూపాయి బిళ్ళల ఫోను. గుమాస్తా గారు ఆ కొట్టు బల్ల మీద మకాం పెట్టారు. గేటు కాపలావాడిది మన అనంతపురం వైపేనట. స్నేహం కుదిరింది. రాత్రుళ్ళు అతని గదిలో పడక.

"వ్యాన్లు వస్తన్నయ్, పోతన్నయ్. అన్నీ తెల్ల డబ్బాలే. మన గోనెమూట ఇంకా బయటికి రాలా. నేను గేటు మీంచి కన్ను తియ్యట్లా. నువ్వేం కంగారుపడబాక" అని నాకు ధైర్యం చెప్పేవారు. నేనేమీ కంగారు పడటం లేదని చెప్పే లోపల బిళ్ళ అయిపోయేది.

ఈ మధ్యలో టోల్ ఫ్రీ అమ్మాయే నాకు ఫోను చేసింది. "మేడమ్, లోపల ఎర్రటి పొడి చాలా ఉంది. విప్పిన ఇంజనీరు కళ్ళు మండి ఇంటికి వెళ్ళిపోయారు. అదేమిటో చెప్పగలరా? వారంటీలోకి వస్తుందో రాదో చూడాలి."

"దుమ్మండీ" అన్నాను. "మా ఊరి దుమ్ము అలాగే ఉంటుంది."

నల్లరేగడి నేల మధ్య కూర్చుని మా ఊరి దుమ్ము ఎర్రగా ఉంటుందని చెప్పాను. ఇందులో అబద్ధం ఎంతో, నిజం ఎంతో మా యార్డు చూసినవాళ్ళు తేల్చాలి. ఆ అమ్మాయి మాత్రం దుమ్మనే రాసుకుంది. ఉచితంగా బాగుచేశారు.

చిన్నబాబు ఓడరేవు పని మీద మద్రాసు వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే ఇటు కొరియరు మనిషి వచ్చి, ఒక తెల్ల డబ్బా నా టేబుల్ మీద పెట్టి సంతకం పెట్టించుకుపోయాడు. విప్పితే ల్యాప్‌టాప్. అద్దంలా తుడిచి పంపారు. మీట నొక్కితే టింగుమని వెలిగింది.

గోనెగుడ్డను వాళ్ళు మొదటిరోజే చించి అవతల పారేశారని అప్పుడు తెలిసింది నాకు. గుమాస్తా గారు గోనెమూట కోసం చూస్తూ కూర్చున్నారు. ల్యాప్‌టాప్ తెల్ల డబ్బాలో ఆయన ముక్కు ముందునుంచే వెళ్ళిపోయింది.

పెద్దాయన తల పట్టుకున్నారు. "అమ్మాయ్, ఇన్నేళ్ళల్లో సరుకు కంటే వెనక వచ్చిన మనిషి కాదు. ఈ సంగతి మావాడికి తెలిస్తే ఇంకేముంది? చూశారా నాన్నా, మనిషి లేకపోయినా సరుకొచ్చింది, మనిషే రాలేదంటాడు. ఆ రోజుతో ఆయన్ని సాగనంపుతాడు."

"ఏం చేద్దామండీ?"

"వాడు మద్రాసు నుంచి వచ్చేలోగా ఈయన డబ్బాతో ఇక్కడ దిగాల" అన్నారు. అంటూనే లేచి ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి తన గదిలో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. అంత మెత్తటి మనిషిలో అంత దొంగబుద్ధి ఉందని నాకు ఆ రోజు దాకా తెలీదు. చెప్పొద్దూ, ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఆపై నా వంతు. టీ కొట్టు నంబరు సంపాదించి, గుమాస్తా గారు టిఫినుకు వెళ్ళిన వేళ చూసి, కాపలావాణ్ణి ఫోనుకు పిలిపించాను. మా గోనెగుడ్డ ఉందా అని అడిగాను. ఉంది, వాళ్ళు పారేసినదాన్ని తెచ్చి మడిచి కుర్చీలో వేసుకుని కూర్చుంటున్నాడట. "అయితే ఒక ఖాళీ డబ్బా అందులో పెట్టి కుట్టించి, ఇదిగో మీ సరుకు అని మా గుమాస్తా గారి చేతిలో పెట్టు నాయనా, పుణ్యముంటుంది" అన్నాను. మూట ఇక్కడికి చేరాక ఇనప్పెట్టెలోని ల్యాప్‌టాప్ మేమే అందులో పెట్టేస్తే సరిపోతుందని మా లెక్క. అతను మంచివాడు. ఎందుకని కూడా అడగలేదు.

ఇక్కడే నేనూ పెద్దాయనా కలిసి ఒక సంగతి మర్చిపోయాం. జీవితమంతా మిర్చి వ్యాపారంలో గడిపి, మర్చిపోకూడనిది మర్చిపోయాం. యార్డులో ముదిరిన మనిషి కాటా వెయ్యకుండా దేన్నీ చేతిలోకి తీసుకోడు.

చిన్నబాబు మద్రాసులో పని తొందరగా ముగించుకుని అనుకున్నదానికంటే ముందే వచ్చేశాడు. వచ్చి నా ఎదురుగా కూర్చుని, "ల్యాప్‌టాప్ రాలేదా ఇంకా?" అని అడిగాడు. నేను దగ్గాను. మా ఆఫీసులో దగ్గుకు ఎవరూ అనుమానపడరు. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. నేను చెయ్యి చాపేలోపు ఆయనే ఎత్తి హలో అన్నాడు.

గుమాస్తా గారి గొంతు. లారీల పక్కన మాట్లాడి అలవాటైన గొంతు అది, గదంతా వినపడింది.

"చిన్నబాబూ, మోసం! మోసం జరిగింది! మూట చేతికిస్తే అనుమానమొచ్చి పక్కన పాత సామాన్ల కొట్లో కాటా ఏయించా. కిలో కూడా తూగలా! డబ్బా ఖాళీ! దొంగనాయాళ్ళు సరుకు కొట్టేశారు!"

"ఏంటండీ? ఖాళీయా?" చిన్నబాబు లేచి నిలబడ్డాడు.

"నేనూరుకుంటానా? పోలీస్ టేసన్‌కి పోతన్నా. మీరేం దిగులు..." బిళ్ళ అయిపోయింది.

ఆ కేకలకు పెద్దాయన తన గదిలోంచి బయటికొచ్చారు. చిన్నబాబు మొహం పాలిపోయింది. "పోయింది నాన్నా. ల్యాప్‌టాప్ పోయింది. మన మిర్చి కొనేవాళ్ళ ఉత్తరాలన్నీ అందులోనే ఉన్నాయి."

పెద్దాయన నావైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. ఆయన మొలతాడుకున్న తాళంచెవి తీసుకుని నెమ్మదిగా తన గదిలోకి వెళ్ళారు. ఇనప్పెట్టె తలుపు కిర్రుమంది. తిరిగొచ్చి ల్యాప్‌టాప్‌ను కొడుకు ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆ తర్వాత చిన్నబాబు అన్న మాటలన్నీ ఇక్కడ రాయను. "ఇది ఆఫీసా, నాటకాల కంపెనీయా?" అన్నది అందులో మెత్తటిది. పెద్దాయన అంతా విని, చివర్న ఒక్కమాట అన్నారు.

"సరే, నీ సరుకు నీ ముందుంది. మరి మనిషేడీ?"

టీ కొట్టుకు ఫోను చేశాను. కొట్టువాడు తనకొచ్చిన భాషలో చెప్పినదాంట్లో మాకు రెండు ముక్కలు అర్థమయ్యాయి. ఒకటి పోలీసు, రెండోది జీపు. ముసలాయన్ని జీపెక్కించుకుపోయారు.

ఆ మాటతో చిన్నబాబు కోపం ఎటు పోయిందో తెలీదు. చప్పున టోల్ ఫ్రీ నంబరు కలిపాడు. మా మనిషి మీ గేటు దగ్గర ఉండేవాడు, ఇప్పుడు ఎక్కడున్నాడో కనుక్కోండి అన్నాడు. రెఫరెన్సు నంబరు చెప్పండి సార్ అంది ఆ అమ్మాయి. చెప్పాడు. మీ ల్యాప్‌టాప్ క్షేమంగా చేరింది సార్ అంది. ఏ రోజు బయలుదేరింది, ఏ ఊళ్ళో ఆగింది, ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారు, అన్నీ గడగడా చెప్పింది.

"మనిషి గురించి అడుగుతున్నానండీ. ల్యాప్‌టాప్ కాదు, మనిషి!"

"ఆయన రెఫరెన్సు నంబరు ఉందా సార్?"

చిన్నబాబు ఫోను పెట్టేశాడు. నాకు ఆయన మీద మొదటిసారి జాలేసింది. ఆ సాయంత్రం రైలుకే బెంగుళూరు బయలుదేరాడు.

వెళ్ళినవాడి సెల్లు మర్నాటి నుంచి మూగబోయింది. నేను టోల్ ఫ్రీ నంబరు పట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ సంగీతమే వింటూ కూర్చున్నాను. పెద్దాయన అన్నం మానేశారు. మిర్చి లోడు ఒకటి తడిసిందని గోడౌనులోంచి కబురొస్తే, "తడవనీ" అన్నారు. ఆయన నోట అలాంటి మాట వింటానని నేను కలలో కూడా అనుకోలేదు. మాకు ఇప్పుడు ఒకరు కాదు, ఇద్దరు కనపడకుండా పోయారు. నాకు నిజంగా భయమేసింది. ఖాళీ డబ్బా వేళాకోళం ఇంత దూరం వస్తుందనుకోలేదు.

ఆ మర్నాడు పొద్దున ఆఫీసు ముందు ఆటో ఆగింది. ముందు గుమాస్తా గారు దిగారు. వెనక చిన్నబాబు. గడ్డం మాసి, గుమాస్తా గారి చొక్కా వేసుకుని ఉన్నాడు. ఆ చొక్కాలో ఇద్దరు చిన్నబాబులు పడతారు.

జరిగింది ఏమిటంటే, పోలీసులు గుమాస్తా గారిని జీపులో తీసుకెళ్ళిన మాట నిజమే. దొంగను పట్టిద్దామని మర్నాడు పొద్దున ఆయనే వాళ్ళను వెంటబెట్టుకుని గేటు దగ్గరికి తీసుకొచ్చారు. కాపలావాడు జీపును చూడగానే వణికిపోయి, ఇదంతా గుంటూరు మేడమ్ చేయమంటే చేశానని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పోలీసులు నవ్వి వెళ్ళిపోయారు. సరుకు మా ఆఫీసుకు చేరిందని అలా తెలుసుకున్న గుమాస్తా గారు, ఆ సంగతి చెబుదామని మా ఆఫీసుకు ఎన్నిసార్లు చేసినా ఫోను ఖాళీ లేదు. ఎందుకు ఖాళీ లేదో మీకు చెప్పాను కదా, నేను సంగీతం వింటున్నాను.

ఇక ఆయన రైలెక్కుదామని సంచి సర్దుకుంటూ ఉండగా, రోడ్డు మలుపులో చిన్నబాబు కాళ్ళీడ్చుకుంటూ వస్తూ కనిపించాడట. బస్టాండు రద్దీలో ఎవరో ఆయన పర్సూ సెల్లూ రెండూ కొట్టేశారు. అడ్రసు సెల్లులోనే ఉంది. గుర్తున్నంత మటుకు అడుగుతూ, ఊరి ఆ చివరికి పోయి, మళ్ళీ ఈ చివరికి నడిచి వచ్చాడు. దారిలో బురదగుంటలో కూడా పడ్డాడు. గుమాస్తా గారు ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, ఇడ్లీ పెట్టించి, తన చొక్కా తొడిగి, టికెట్టు కొని రైలెక్కించారు.

ఇద్దరూ మెట్లెక్కి పైకి వచ్చారు. గుమాస్తా గారు ముందు నా టేబుల్ దగ్గర ఆగారు.

"అమ్మాయ్, నాకు ఖాళీ డబ్బా అంటగడతావా? నాకు తూకం తెలీదనుకున్నావా?"

"పెద్దాయన చెయ్యమన్నారు బాబాయ్" అన్నాను. అబద్ధమెందుకు, ఆ క్షణంలో నాకు పెద్దాయన కంటే నేనే ముఖ్యమనిపించింది. పెద్దాయన ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డారు. ఫ్యాను తిరగడం లేదు.

గుమాస్తా గారు ఆయన దగ్గరికి నడిచారు. ఆఫీసంతా పని ఆపి చూస్తోంది. కింద బస్తాలు మోసేవాళ్ళు కూడా మెట్ల మీదికి వచ్చేశారు. సరుకు ముందొచ్చి మనిషి వెనక వచ్చిన సంగతి అప్పటికే యార్డు సగానికి తెలుసు. చిన్నబాబు ఆ మాట అంటాడని, గుమాస్తా గారి ఉద్యోగం ఆ పూటతో సరి అని అందరం అనుకుంటున్నాం.

గుమాస్తా గారు గొంతు సవరించుకున్నారు. "అయ్యగారూ, మీ మిషను సంగతి నాకు తెలీదు. అది దానంతటదే వచ్చిందంట, సంతోషం. చిన్నబాబు బెంగుళూరులో దారి తప్పాడు. కనిపెట్టి, జాగర్తగా తీసుకొచ్చా. ఒంటి మీద చిన్న గీత పడలా. చూసుకోండి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పెద్దాయన కొడుకు వైపు చూశారు. ఏదో ఒక మాట అంటాడని, సంగతి తన మీదికి రాకుండా తప్పుకుంటాడని మేమందరం ఎదురుచూశాం. ఆయన ఆ పెద్ద చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ నిలబడ్డాడు.

"నిజమే నాన్నా" అన్నాడు. "గుమాస్తా గారు లేకపోతే నేను ఇల్లు చేరేవాణ్ణి కాదు."

అంతే. సీజను గురించీ, ఇంటికి పంపడం గురించీ ఆ ఆఫీసులో మళ్ళీ ఎవరూ మాట ఎత్తలేదు. నేను కళ్ళు తుడుచుకుంటూ, "మిరపఘాటు" అన్నాను ఎవరూ అడక్కుండానే.

ఆ వారంలోనే కాన్పూరు లోడు సిద్ధమైంది. పెద్దాయన కొబ్బరికాయ కొట్టారు. గుమాస్తా గారు వెనక టైరు దగ్గర కళ్ళు మూసుకున్నారు. వెంట ఎవరు వెళతారని ఎవరూ అడగలేదు. చిన్నబాబు మాత్రం ఆఫీసులోంచి దిగి వచ్చి, గుమాస్తా గారి పక్కచుట్టను తనే తీసుకెళ్ళి లారీ క్యాబిన్‌లో పెట్టాడు. జేబులోంచి కొత్త సెల్లు తీసి ఆయన చేతిలో పెట్టబోయాడు.

గుమాస్తా గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ ఆయన చేతికే ఇచ్చేశారు.

"ఇది మీరే ఉంచుకోండి చిన్నబాబూ. నేను తిరిగొచ్చేదాకా మాత్రం ఊరు దాటబాకండి."

లారీ కదిలింది. చిన్నబాబు సరేనని తలూపి, సెల్లు జేబులో పెట్టుకున్నాడు.